నార్త్ బ్యాంక్ ఎక్కడికి పోయింది?

1992 ఆగస్టులో లండన్‌లోని ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ తన సొంత మైదానంలో, ఒక గోల్ పోస్టు వెనక, జనం ఉండాల్సిన చోట జనం బొమ్మ పెట్టింది. హైబరీ స్టేడియంలో ఉత్తరం కొసన ఉండే నార్త్ బ్యాంక్‌ని కూలగొట్టి, కుర్చీలతో కొత్త స్టాండ్ కడుతున్నారు. ఏడాదిపాటు టీవీలో క్రేన్లూ ఇనుప చువ్వలూ కనపడితే ఏం బాగుంటుందని, ఆ కొస మొత్తానికీ అడ్డంగా పెద్ద తెర కట్టి, దాని నిండా వేల ముఖాలు వేయించారు. దూరం నుంచి చూస్తే నిండు స్టాండే. చప్పుడు మాత్రం లేదు.

ఇంకో లోటు కూడా ఉంది. అన్ని ముఖాల్లో ఒక్కటీ నల్లది లేదు. జట్టులో చూస్తే ఇయాన్ రైట్, పాల్ డేవిస్, కెవిన్ క్యాంప్‌బెల్. మైదానం చుట్టూ ఉన్న వీధుల్లో కరీబియన్ దీవుల వాళ్లు, ఆఫ్రికా వాళ్లు, సైప్రస్ వాళ్లు, బెంగాలీలు. ఈ సంగతి క్యాంప్‌బెల్ కంట్లోనే ముందు పడిందంటారు. ఆయన చెప్పాక మళ్లీ రంగులు కలిపి కొన్ని ముఖాలు మార్చారు.

ఆ బొమ్మ ముందు మొదటి ఆట ఆగస్టు 15న జరిగింది. ప్రీమియర్ లీగ్ అనే పేరుతో కొత్త లీగ్ మొదలైంది కూడా ఆ రోజే. ఆర్సెనల్ 2-0తో ముందుండి, నార్విచ్ చేతిలో 4-2తో ఓడిపోయింది. ఆ ఏడు మొత్తం లీగ్‌లో కొట్టింది 40 గోల్స్, అందరికన్నా తక్కువ. పదో స్థానం. బొమ్మజనం ముందు ఆడితే ఇంతేనని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అదే జట్టు అదే ఏడు వెంబ్లీకి వెళ్లి ఎఫ్‌ఏ కప్, లీగ్ కప్ రెండూ తెచ్చుకుంది. కానీ పాపం, నమ్మేవాళ్లని తప్పుపట్టలేం. వెంబ్లీలో ఉన్నది నిజం జనం కదా.

ఈ గొడవంతా నాకెందుకంటే, నేను పనిచేసేది ఇస్లింగ్టన్‌లోని ఒక పబ్లిక్ లైబ్రరీలో. ఆర్సెనల్ మైదానం మా వాడలోనే ఉంది. ఇతర జట్ల అభిమానులు తరాలుగా ఈ మైదానాన్ని వెక్కిరించే మాట ‘హైబరీ లైబ్రరీ’. ఇక్కడి జనం నోరు విప్పరని, ఆటకొచ్చి పుస్తకం చదువుకుంటున్నట్టు కూర్చుంటారని. నాకు ఈ మాట వింటే కాస్త ఒళ్లు మండుతుంది, అదీ లైబ్రరీ తరఫున. మా దగ్గర చంటిపిల్లల పాటల గంట అని ఒకటుంటుంది. తల్లులు, అమ్మమ్మలు, తాతలు పిల్లల్ని ఒళ్లో వేసుకుని గొంతెత్తి పాడతారు. ఆ గోల ముందు ఏ స్టేడియమైనా దిగదుడుపే.

అసలు ఈ మైదానం పుట్టుకలోనే కొంత మౌనం ఉంది. ఆర్సెనల్ 1886లో థేమ్స్‌కి దక్షిణాన వూల్విచ్ ఆయుధ కర్మాగారంలో పనివాళ్లు పెట్టుకున్న జట్టు. ఆదాయం చాలక, యజమాని హెన్రీ నోరిస్ 1913లో దాన్ని ఊరికి ఉత్తరం వైపు హైబరీకి ఎత్తుకొచ్చాడు. కొత్త స్థలం సెయింట్ జాన్స్ అనే క్రైస్తవ మత విద్యాలయానిది. కౌలు పత్రంలో షరతులు పెట్టారు. గుడ్ ఫ్రైడే నాడు, క్రిస్మస్ నాడు ఆటలు పెట్టకూడదు. మందు అమ్మకూడదు. 1925లో క్లబ్ ఆ స్థలం మొత్తం కొనుక్కునేదాకా ఇవి నడిచాయి.

మొదటి ఆట 1913 సెప్టెంబర్ 6న, లెస్టర్ ఫాస్ మీద. ఆర్సెనల్ 2-1తో గెలిచింది. మైదానం ఇంకా సగం పనిలోనే ఉంది. హైబరీలో తొలి గోల్ ఎదుటి జట్టుది. ఆర్సెనల్ తరఫున తొలి గోల్ కొట్టిన జార్జ్ జోబీకి దెబ్బ తగిలితే, మోసుకెళ్లడానికి ఏమీ లేక పాలవాడి బండి మీద పడుకోబెట్టి తీసుకెళ్లారని చెప్పుకుంటారు. ఆర్చిబాల్డ్ లీచ్ కట్టిన స్టాండ్ తూర్పున ఒక్కటే. మిగతా మూడు వైపులా మట్టి పోసి ఎత్తు చేసిన గట్లు, వాటి మీద నిలబడి చూడటానికి మెట్లు. ఉత్తరపు గట్టు పోసేటప్పుడు ఒక బొగ్గు వ్యాపారి బండి గోతిలో పడిందని, గుర్రం కాళ్లు విరిగితే దాన్ని అక్కడే పూడ్చేశారని ఒక కథ. నిజమో కాదో గానీ మా లైబ్రరీకి వచ్చే ముసలివాళ్లలో ఈ గుర్రం గురించి చెప్పని వాళ్లు తక్కువ.

ఆ గట్టునే తర్వాత నార్త్ బ్యాంక్ అన్నారు. అంతకుముందు చాలాకాలం దాని పేరు లాండ్రీ ఎండ్. 1925లో వచ్చిన మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ అక్కడ ఒక పెద్ద గడియారం పెట్టించాడు. మొదట అది 45 నిమిషాల గడియారం, సగం ఆటకి ఎంత టైముందో జనానికి తెలిసేట్టు. ఫుట్‌బాల్ అసోసియేషన్ వాళ్లు రెఫరీ చేతిలోని వాచీకి ఇది పోటీ అన్నారు. దాంతో మామూలు గడియారం చేశారు. చాప్‌మన్ మామూలోడు కాదు. స్టేడియం పక్కనున్న గిలెస్పీ రోడ్ మెట్రో స్టేషన్‌కి 1932లో ఆర్సెనల్ అని పేరు మార్పించాడు. చాప్‌మన్ పోయాక, 1935లో, ఉత్తరం గట్టు మీద పైకప్పు వేస్తూ గడియారాన్ని దక్షిణానికి మార్చారు. అప్పటి నుంచి ఆ కొస క్లాక్ ఎండ్ అయింది.

హోరు చరిత్రలో ఆ పైకప్పు చిన్న సంగతేం కాదు. క్లాక్ ఎండ్ మీద కప్పు లేదు, అరిచిన అరుపు ఆకాశంలోకే పోయేది. ఉత్తరాన అరిస్తే కప్పుకి కొట్టుకుని తిరిగి ఆటగాళ్ల నెత్తిన పడేది. రేకుల షెడ్డు కింద నిలబడి వాన విన్నవాళ్లకి ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. పాడాలనుకునే కుర్రాళ్లంతా ఎవరూ పిలవకుండానే అటు చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి ఆ కప్పు కాలిపోయింది. 1956లో మళ్లీ వేశారు.

అయితే ఆ రోజుల్లో జనం అంటే ఎంత జనమో కూడా చెప్పాలి. 1935 మార్చి 9న సండర్లాండ్‌తో ఆటకి 73,295 మంది వచ్చారు. హైబరీలో అదే రికార్డు. మూసేసే నాటికి అదే మైదానంలో పట్టేది 38,419. ఒకే నేల, దాదాపు సగం మనుషులు. పూర్వకాలపు గొంతులు పెద్దవి అని ఎవరైనా అంటే ఈ లెక్క ముందు పెట్టాలి.

ఆట మొదలుకాకముందు, మధ్య విరామంలో అప్పట్లో హైబరీలో లండన్ మెట్రోపాలిటన్ పోలీసు బ్యాండ్ వాయించేది. అలెక్స్ మోర్గన్ అనే పోలీసాయన దశాబ్దాల తరబడి మైదానంలో నిలబడి పాటలు పాడాడు. ఇది విన్నప్పుడు నాకు మా నాన్నే గుర్తొచ్చాడు. సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగి. ఆయనకి ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే. బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన జట్టు, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచిన జట్టు. లండన్‌లో పోలీసులు ఆటగాళ్లకి పాట పాడేవాళ్లని చెబితే నాన్న నమ్మలేదు. “మన దగ్గర పోలీసులే ఆడేవాళ్లు, పాడాల్సింది జనమే కదమ్మా” అన్నాడు.

మా ఎదురింటి పెద్దాయన ఆ పోలీసాయన పాట విన్నవాడే. జమైకా నుంచి పసితనంలో వచ్చి, లండన్‌లో బస్సు నడిపి రిటైరైనాడు. 1970 ఏప్రిల్ 28న నార్త్ బ్యాంక్ మీద ఉన్నాడు. ఆ రాత్రి బెల్జియం జట్టు ఆండర్లెక్ట్‌తో ఫెయిర్స్ కప్ ఫైనల్ రెండో ఆట. మొదటి ఆటలో అక్కడ 3-1తో ఓడొచ్చారు. 17 ఏళ్లుగా క్లబ్‌కి ఒక్క కప్పూ లేదు. 50 వేలు దాటిన జనం. ఎడ్డీ కెల్లీ, జాన్ రాడ్‌ఫర్డ్, జాన్ సామెల్స్ ముగ్గురూ కొట్టి 3-0. పెద్దాయన మూడో గోల్ చూడలేదట. రెండో గోల్‌కి జనం తోపుడులో పది పన్నెండు మెట్లు కిందికి జారిపోయి, ఒక కాలి బూటు పోగొట్టుకుని, దానికోసం వంగి వెతుక్కుంటుంటే చుట్టూ హోరు లేచింది. “వినే తెలుసుకున్నాను” అంటాడు. ఆట ముగిశాక అందరితో పాటు ఒంటి బూటుతోనే మైదానంలోకి దిగాడు.

నార్త్ బ్యాంక్ గురించి ఇలా ముచ్చటగా చెప్పే పుస్తకాలు మా లైబ్రరీలో ఒక అరకి సరిపడా ఉన్నాయి. వాటిలో కొన్నిటికి మరపు ఎక్కువ. ఆ మెట్ల మీద నల్లవాళ్ల మీద బూతులూ వినపడేవి. ఇతర జట్ల కుర్రాళ్లు కావాలని వచ్చి ఆ గట్టు ‘పట్టుకోవడానికి’ కొట్టుకునేవాళ్లు. 1982 మేలో వెస్ట్ హామ్‌తో ఆట రోజున నార్త్ బ్యాంక్‌లో పొగబాంబు పేలింది. అదే రోజు బయట ఒక ఆర్సెనల్ అభిమాని కత్తిపోటుకి చనిపోయాడు. ఆడవాళ్లు అటు వెళ్లడం తక్కువ. ఆ హోరు అందరిదీ కాదు. ఈ మాట అంటే పెద్దాయన కాదనడు, కానీ సంభాషణ మారుస్తాడు.

ఒక్క విషయంలో హైబరీకి మంచిపేరుంది. ఇతర మైదానాలు జనం లోపలికి దూకకుండా ఇనుప కంచెలు కట్టినప్పుడు ఆర్సెనల్ కట్టనంది. అందుకే ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ ఆటలు అక్కడ పెట్టడం మానేశారు కూడా. కంచె ఎంత పనిచేస్తుందో 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో తెలిసింది. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సెమీఫైనల్. పోలీసులు గేటు తెరిపించి, అప్పటికే నిండిపోయిన అరల్లోకి జనాన్ని వదిలారు. ముందు కంచె, వెనక తోపుడు. ఆ నలుగుడుకి పోయినవాళ్ల లెక్క చివరికి 97కి చేరింది. తర్వాత జడ్జి టేలర్ 1990 జనవరిలో ఇచ్చిన తుది నివేదిక ప్రకారం పెద్ద క్లబ్బులన్నీ నిలబడే మెట్లు తీసేసి, అందరికీ కుర్చీలు వేయాల్సి వచ్చింది.

నార్త్ బ్యాంక్ చివరి రోజు 1992 మే 2. సౌతాంప్టన్ మీద 5-1, ఇయాన్ రైట్ మూడు గోల్స్. కొత్త స్టాండ్‌కి డబ్బు కోసం క్లబ్ ‘బాండ్’ పథకం తెచ్చింది. ముందు 1,100 పౌండ్లో 1,500 పౌండ్లో కట్టాలి. దానికి దక్కేది సీజన్ టికెట్ కాదు, సీజన్ టికెట్ కొనుక్కునే హక్కు! పెద్దాయన కట్టలేదు. బస్సు డ్రైవరు జీతం మీద ఇద్దరు పిల్లలు. మళ్లీ చాలా ఏళ్లకి గానీ లోపలికి వెళ్లలేదు. బొమ్మ తెర మీద ముఖాలు మార్చారని పేపర్లో చదివినప్పుడు ఆయన అన్నదేమిటో చెబుతాడు: “నా బొమ్మ లోపల ఉంది, నేను బయట ఉన్నాను.”

1993లో తెరిచిన కొత్త నార్త్ బ్యాంక్ చక్కని స్టాండ్, అందరూ మెచ్చారు. మరి జనం ఎందుకు నోరు మూసుకున్నారు? కుర్చీల వల్ల అంటారు. కుర్చీ ఒక్కదాని తప్పు కాదని నా నమ్మకం. పాట అందుకోవాలంటే ఒక గొంతు మొదలుపెట్టాలి, పక్కనున్న పది గొంతులు వెంటనే కలవాలి. మెట్ల మీద నువ్వు ఎవరి పక్కన నిలబడతావో నీ ఇష్టం. గేటు దగ్గర డబ్బు కట్టి లోపలికి వచ్చి, గొంతున్నవాళ్ల పక్కకి చేరతావు. పదిహేనేళ్ల కుర్రాడికి పాడటం నేర్పేది పక్కనున్న ఇరవై ఏళ్లవాడు. కుర్చీకి నంబరు వచ్చాక ఆ పదిమందీ పది చోట్ల పడ్డారు. ధర పెరిగాక ఆ పదిహేనేళ్లవాడు రావడమే మానేశాడు. పాడేవాడు మిగిలాడు గానీ అందుకునేవాడు లేడు.

పూర్తిగా మూగబోయిందనీ కాదు. 1994లో యూరప్ కప్ విన్నర్స్ కప్ ఆటల్లో పారిస్ జనం పాడే బాణీ ఒకటి విని, దానికి ‘ఆర్సెనల్‌కి 1-0’ అని సొంత మాటలు కట్టుకుని తెచ్చుకున్నారు. ఆ ఫైనల్‌లో కోపెన్‌హాగెన్‌లో పార్మా మీద గెలిచింది నిజంగానే 1-0తోనే. మిగతా దేశం ఆ జట్టు ఆటని ‘విసుగు’ అని తిట్టేది. వీళ్లు ఆ తిట్టునే పాటగా ఎత్తుకున్నారు. పైనుంచి ఎవరూ రాసివ్వని పాట అది.

జట్టు బాగుపడింది, చోటు చాలలేదు. 1998లో ఛాంపియన్స్ లీగ్ ఆటల కోసం వెంబ్లీని అద్దెకి తీసుకుంటే, ఫ్రాన్స్ జట్టు లాన్స్‌తో ఆటకి 73,707 మంది వచ్చారు. ఆట ఓడిపోయారు గానీ క్లబ్‌కి లెక్క తెలిసింది. హైబరీకి కూతవేటు దూరంలో, యాష్‌బర్టన్ గ్రోవ్‌లో చెత్త పోగేసే కేంద్రం, షెడ్లు ఉన్న చోట కొత్త స్టేడియం కట్టారు. ఖర్చు 390 మిలియన్ పౌండ్లు. పేరు ఒక విమానాల కంపెనీకి అమ్మారు: ఎమిరేట్స్. 2006 మే 7న విగాన్ మీద 4-2తో, థియరీ ఆన్రీ మూడు గోల్స్‌తో హైబరీ మూతపడింది. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. తూర్పు, పడమర స్టాండ్ల ముఖభాగాలు అలాగే ఉంచారు. ఆట నేల తోట అయింది.

కొత్త స్టేడియంలో తొలి లీగ్ గోల్ కూడా ఎదుటి జట్టుదే. 2006 ఆగస్టు 19న ఆస్టన్ విల్లా ఆటగాడు ఓలోఫ్ మెల్‌బర్గ్ కొట్టాడు. ఆట 1-1.

లోపలికి మొదటిసారి వెళ్లిన రోజు నాకు ముందు తోచింది, ఎంత సుఖంగా ఉందో అని. మెత్తని కుర్చీ. కాళ్లు చాపుకోవచ్చు. ఎక్కడ కూర్చున్నా ఆట కనపడుతుంది. 60 వేల పైచిలుకు జనం పడతారు. కానీ వాస్తు సంగతి చూడండి. కింది అంతస్తుకీ పై అంతస్తుకీ మధ్యలో, స్టేడియం చుట్టూ వడ్డాణంగా క్లబ్ లెవల్ అనే ఖరీదైన సీట్లు, ఆ పైన 150 పెట్టె గదులు. మధ్య విరామంలో లోపలికి భోజనానికి పోయినవాళ్లు రెండో సగం మొదలై పది నిమిషాలైనా రారు. కింద మొదలైన పాట ఆ ఖాళీ కుర్చీల దగ్గర ఆగిపోతుంది, పై అంతస్తుకి చేరదు. పచ్చికకి గాలి తగలాలని మూలల్లో ఖాళీలు వదిలారు. గడ్డికి చాలా మంచిది. పైగా 2013 నాటికి అన్నిటికన్నా చవకైన సీజన్ టికెట్టే వెయ్యి పౌండ్లకి అటూఇటూ.

క్లబ్ వాళ్లు ఊరుకోలేదు, కానీ మొదట చేసిన పనులన్నీ గోడలకే చేశారు. 2009 నుంచి 2023 దాకా బయట గోడల నిండా భుజాల మీద చేతులు వేసుకుని నిలబడ్డ 32 మంది పాత ఆటగాళ్ల పెద్ద పెద్ద బొమ్మలు. 2010లో కొసలకి పాత పేర్లే పెట్టారు, నార్త్ బ్యాంక్, క్లాక్ ఎండ్ అని. లోపల కొత్త గడియారం పెట్టి, హైబరీ నుంచి తెచ్చిన పాతదాన్ని బయటికి కనపడేట్టు అమర్చారు. 2011 డిసెంబర్‌లో చాప్‌మన్, టోనీ ఆడమ్స్, ఆన్రీ విగ్రహాలు. అన్నీ అందంగా ఉన్నాయి, మా ఇంటికి చుట్టాలొస్తే అక్కడే ఫొటోలు తీయిస్తాను. కానీ విగ్రహం పాడదు. మేనేజర్ ఆర్సెన్ వెంగర్ చివరి ఏడు, 2017-18లో, టికెట్లు అమ్ముడుపోయీ కుర్చీలు ఖాళీగా ఉండేవి. వచ్చినవాళ్లేమో తిట్టుకునేవాళ్లు.

దూరం, కట్టడం సంగతి వస్తే మన గచ్చిబౌలి ఇంకా పెద్ద పాఠం. బాలయోగి స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టింది. జనానికీ ఆటకీ మధ్య పరుగు పందేల ట్రాక్. 2019 నవంబర్ 2న హైదరాబాద్ ఎఫ్‌సీ అక్కడ తన మొదటి ఆటలో కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో గెలిచింది. మా తమ్ముడు వెళ్లాడు. సొంతూళ్లో మలయాళీల పసుపు చొక్కాల పాటలే ఎక్కువ వినపడ్డాయని ఫోన్లో గొణిగాడు. హైటెక్ సిటీలోని మలయాళీ ఉద్యోగులంతా తమ ఊరి జట్టు కోసం ఒకచోట చేరారు మరి! మనవాళ్లూ డెక్కన్ లీజియన్ అని బృందం కట్టుకుని డప్పులు పట్టుకెళ్లారు. తర్వాత రెండు సీజన్లు కోవిడ్ వల్ల గోవాలో ఖాళీ స్టేడియాల్లో గడిచాయి. 2022 మార్చిలో అదే కేరళ మీద పెనాల్టీల్లో కప్పు గెలిచింది కూడా గోవాలోనే. హైదరాబాద్ జనం తమ జట్టుకి పాడటం అలవాటు చేసుకునేంత కాలం ఆ జట్టు ఊళ్లో నిలవలేదు. అప్పుల్లో పడి, చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

కోవిడ్ ఇక్కడ ఇంకోరకంగా పనిచేసింది. 2020లో ఖాళీ స్టేడియంలో ఆడుతుంటే టీవీ వాళ్లు రికార్డు చేసిన హోరు కలిపేవాళ్లు. బొమ్మజనం అయ్యింది, ఇక అబద్ధపు గొంతు. మా అబ్బాయి టీవీ శబ్దం తీసేసి చూసేవాడు. డిసెంబర్ 3న రాపిడ్ వియన్నాతో ఆటకి 2,000 మందిని రానిచ్చారు. ఆ రెండు వేల మంది చప్పట్లు మా వీధికి వినపడ్డాయి. పెద్దాయన కిటికీ తెరిచి, చేత్తో చూపించాడు.

మళ్లీ జనం వచ్చేసరికి జట్టులో కుర్రాళ్లు, బుకాయో సాకా అక్కడి అకాడమీలో పెరిగినవాడే. మేనేజర్ మికెల్ అర్తేతా జనం గొంతు కావాలని పదేపదే అడుగుతాడు. కానీ అసలు మార్పు అంతకుముందే క్లాక్ ఎండ్ వైపు మొదలైంది. యాష్‌బర్టన్ ఆర్మీ అని ఒక కుర్ర బృందం. నల్ల బట్టలు, బ్యానర్లు, ఆట ఎలా ఉన్నా ఆగని పాట. వాళ్లు చేసిన పని చాలా పాతది: గొంతున్నవాళ్లు పక్కపక్కన చేరడం. మా అబ్బాయి కాలేజీలో ఉండగా వాళ్లతో కలిశాడు. ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు. అలవాటు కొద్దీ కూర్చోబోయాను. “అమ్మా, నువ్వు కూర్చుంటే వెనకాళ్లు కూడా కూర్చుంటారు” అని రెక్క పట్టుకుని లేపాడు. తొంభై నిమిషాలు నిలబడ్డాక నా మోకాళ్లు చెప్పిన మాటలు ఇక్కడ రాయను. ఒకటి మాత్రం గమనించాను. ముందు వరసల్లో ఒకడు ఆటకి వీపు పెట్టి నిలబడి, జనం వైపు చూస్తూ పాట అందిస్తున్నాడు. టికెట్ కొని, ఆట చూడకుండా!

2022లో ఇస్లింగ్టన్ కుర్రాడే, లూయిస్ డన్‌ఫర్డ్ అనే గాయకుడు, తన వాడ మీద రాసుకున్న పాటలోని పల్లవిని ఆటకి ముందు స్పీకర్లలో వేయడం మొదలుపెట్టారు. ‘నార్త్ లండన్ ఫరెవర్’. 60 వేల మంది మఫ్లర్లు ఎత్తి పాడతారు. నాకు గొంతు పట్టేసింది, దాచుకోను. పెద్దాయన పాడడు. “స్పీకర్ మొదలుపెట్టిన పాట స్పీకరే ముగించుకోవాలి” అంటాడు. మా అబ్బాయికి కోపం. బయట వాడి పాట కాదు, ఈ వీధుల పాట అంటాడు. నేను అబ్బాయి పక్షమే, కానీ పెద్దాయన మాటలో పస లేదనలేను.

స్పీకర్లకి సంబంధం లేని రోజు ఒకటి వచ్చింది. 2023 మార్చి 4. బోర్న్‌మత్ వాళ్లు ఆట మొదలైన పది సెకన్లలోపే గోల్ కొట్టారు, తర్వాత ఇంకోటి. 0-2. పాత ఎమిరేట్స్ అయితే ఈల వేసి ఇంటికి పోయేది. ఆ రోజు పోలేదు. 2-2 అయింది. అదనపు టైము ఏడో నిమిషంలో, కార్నర్ నుంచి బయటికి వచ్చిన బంతిని రీస్ నెల్సన్ ఎడమకాలితో కొట్టాడు. అతనూ ఇక్కడి అకాడమీ పిల్లాడే. నేను లైబ్రరీలో డ్యూటీలో ఉన్నాను. కిటికీలు మూసే ఉన్నాయి. అయినా లోపల పేపర్ చదువుతున్న వాళ్లందరూ ఒక్కసారి తలెత్తారు. ఎవరు కొట్టారో ఫోన్ చూసి నేనే చెప్పాను, లైబ్రరీలో చెప్పాల్సిన దానికన్నా గట్టిగా.

ఇప్పుడు నడుస్తున్న పేచీ వేరే. 2022 నుంచి ఇంగ్లండ్ పెద్ద క్లబ్బులు మళ్లీ నిలబడి చూసే చోట్లు పెట్టుకోవచ్చు, ముందు ఇనుప కమ్మీ ఉండాలి, ఎవరి చోటు వాళ్లదై ఉండాలి. గోల్ పోస్టు వెనక స్టాండ్ మొత్తం కుర్రాళ్లకి ఇచ్చేయాలని మా అబ్బాయి, వాడి స్నేహితులు అంటారు. ఆ కుర్చీలు ఖాళీవి కావు. అవి పాత సీజన్ టికెట్లవాళ్లవి. అందులో ఒకటి మా పెద్దాయనది. పిల్లలు పెద్దయ్యాక, పెన్షన్ డబ్బుతో మళ్లీ కొనుక్కున్నాడు, పేరుకి నార్త్ బ్యాంక్ అనే కొసన.

పోయిన ఆదివారం మా వంటింట్లో టీ తాగుతూ ఇద్దరికీ వాదన పడింది. పై అంతస్తులో ఇంకా మంచి సీటు ఇస్తే మారతావా అని అబ్బాయి అడిగాడు. పెద్దాయన బిస్కెట్ ముంచుకుని తిన్నాడు. తన ఎడమపక్క కూర్చునే ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు, కుడిపక్క ఆవిడ భర్త పోయినా రెండు టికెట్లూ మానలేదు, మనవడిని తెస్తుంది. వాళ్లు ముగ్గురూ వస్తే వస్తానన్నాడు. ఆ పిల్లాడికి పాడటం ఎవరు నేర్పుతారని మా అబ్బాయి రెట్టించాడు.

“నేను నేర్పుతున్నాను. కాకపోతే నీ పాటలు కాదు” అన్నాడు పెద్దాయన.